దూలం కింద పడవ

మా మేడ మెట్ల మలుపులో ఒక దూలం ఉంది. ఇల్లు కట్టినవాళ్ళు ఏం ఆలోచించి పెట్టారో కానీ, సరిగ్గా మనిషి నుదురు ఎత్తున పెట్టారు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అక్కడ తల వంచాల్సిందే. మలుపు దగ్గర ఎవరి అడుగు చప్పుడు వినబడినా, పైగదిలో పనిలో ఉన్న మా చెల్లి చేతిలో పని ఆపకుండానే "తల" అనేది. ఆ ఇంట్లో అన్నేళ్ళుగా ఉంటున్న నాక్కూడా చెప్పేది. నాకు తెలుసులేవే అంటే, "నీకు తెలుసు, దూలానికి తెలియదుగా" అనేది.

కింది గది చెల్లి కొట్టు. కట్టుడు పళ్ళు చేసేది. పళ్ళ డాక్టర్లు మనుషుల దవడల అచ్చులు పంపితే, వాటికి అతికినట్టు సెట్లు చేసి ఇచ్చేది. వీధిలోకి కనబడే అద్దాల బీరువాలో కింది అరలో పళ్ళు నవ్వుతూ ఉండేవి. పై అరలో ఆమె చేసిన పడవలు ఉండేవి. అన్నీ పాతకాలపు డచ్ తెరచాప పడవలు, మూరెడు పొడుగువి. పాత పుస్తకాల బండి మీద నాకు దొరికిన ఒక బొమ్మల పుస్తకం వాటికి మూలం. నేను బడికి పోలేదు. చెల్లి చదివి పక్కన పడేసిన వాచకాలతో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఆ అలవాటుతోనే నిఘంటువు పక్కన పెట్టుకుని, ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని పేజీ పేజీ కూడబలుక్కుని చదివాను. నేను చదివి చెప్పేదాన్ని, ఆమె చేసేది. కొయ్య ఆమెది. గుడ్డ, దారం నావి. తెరచాపలు కుట్టడం, తాళ్ళు పేని ముళ్ళు వేయడం నా పని.

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే, తడిసిన గొడుగుతో ఒకామె కొట్లోకి వచ్చింది. పంటి బాధతో వచ్చిందనుకుని చెల్లి కుర్చీ చూపించి నోరు తెరవమందట. ఆమె తెరిచి, "పళ్ళు బాగానే ఉన్నాయండీ, నేను పడవల కోసం వచ్చాను" అందట. పెద్ద ఊళ్ళో మ్యూజియం అధికారిణి ఆమె. వాళ్ళ దగ్గర ఒక హాలు నిండా డచ్ పడవల నమూనాలు ఉన్నాయి. కప్పు కారి, చెద పట్టి సగానికి సగం పాడయ్యాయి. వాటిని చూసుకునే ముసలాయన పోయాక ముట్టుకున్నవాళ్ళు లేరు. ముందు ఒక పెద్ద నమూనా చేసి చూపించమని అడిగింది. నిజం పడవలో అడుగు ఉన్నచోట నమూనాలో అంగుళం ఉండాలి. వానలు వెనకబట్టేలోపు కావాలి. అది నచ్చితే చెల్లి అక్కడికే వెళ్ళి, వాళ్ళ పనిశాలలో ఉండి మిగతావన్నీ బాగుచెయ్యాలి. ఉండడానికి గది ఇస్తారు, ఒక మనిషికి.

ఈ సంగతులన్నీ చెల్లి దుప్పట్లు మడతపెడుతూ నాకు చెప్పింది. రెండో కొస నా చేతిలో ఉంది.

"ఎన్నాళ్ళ పనట?" అన్నాను.

"పాడైన పడవలు చాలా ఉన్నాయట."

"నేనడిగింది పడవల లెక్క కాదే."

"నాలుగేళ్ళు పట్టొచ్చు. అయిదు కూడా పట్టొచ్చు."

"మన వయసులో నాలుగేళ్ళంటే ఎంతో తెలుసా నీకు?"

"నాలుగేళ్ళే అక్కా. ఎవరి వయసుకైనా అంతే" అని నా చేతిలో కొస తీసుకుని మడత పూర్తి చేసింది.

నాకు వెళ్ళేవాళ్ళని చూసే ధైర్యం లేదు. నాన్న మమ్మల్ని వదిలి వెళ్ళిన పూట నేను నీళ్ళ పంపు దగ్గరున్నాను. మా ఆయన కన్నుమూసిన గంటలో మందుల షాపులో చిల్లర కోసం నిలబడి ఉన్నాను. అవి రెండూ అలా జరిగిపోయినవి. ఆ తర్వాత మాత్రం నేనే అలా చేసుకుంటూ వచ్చాను. ఎవరైనా సంచి భుజాన వేసుకుంటే చాలు, నాకు లోపల ఏదో పని గుర్తొస్తుంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా చూసొస్తానంటాను. తిరిగొచ్చేసరికి గుమ్మం ఖాళీగా ఉంటుంది. చుట్టాలందరికీ ఇది తెలుసు. కొందరు నేను లోపలికి వెళ్ళేదాకా ఆగి మరీ బయలుదేరేవారు.

పని మొదలైంది. మేడ మీద వెలుతురు బాగుంటుందని పెద్ద బల్ల అక్కడే వేయించాం. బల్ల చేసింది వీధి చివరి వడ్రంగి. అతన్ని అందరూ టేపు అంటారు. ఏ ఇంటికి పోయినా ముందు గుమ్మమూ, కిటికీ కొలిచి, ఆ తర్వాత కుశలం అడుగుతాడు. అలాంటివాడికి మా దూలం మాత్రం వచ్చిన ప్రతిసారీ తగిలేది. చెల్లి "తల" అనేసరికే నుదురు పట్టుకుని ఉండేవాడు.

"చిన్నక్కా, ఆ మాట ఒక మెట్టు ముందు చెప్తే పుణ్యముంటుంది."

"నువ్వు ఒక మెట్టు వెనక రా."

పడవ పేరు చాల్క్ అని పలకాలని అధికారిణి చెప్పి వెళ్ళింది. కాలవల్లో సరుకు మోసే పడవ. అడుగు చదునుగా, ముందూ వెనకా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. పన్ను పోటుకి దవడ వాచిన మనిషిలా ఉందని చెల్లి నవ్వింది. ఆ ఉబ్బు దగ్గరే అసలు కష్టం. పలకని నీళ్ళలో నానబెట్టి, వేడెక్కిన గొట్టం మీద కొద్దికొద్దిగా వంచేది. కొంచెం తొందరపడితే పెళుక్కున విరిగేది. విరిగితే ఏమీ అనేది కాదు, ఇంకో పలక నానబెట్టేది. పళ్ళు అరగదీసే సన్నటి ఆకురాళ్ళతో అంచులు నునుపు చేసేది. రెండు పలకల మధ్య సందుని గోటితో తడిమి చూసి, "నమిలితే బాధపెడుతుంది" అని మళ్ళీ అరగదీసేది.

పడవ అడుగు చదును కాబట్టి, పక్కగాలి వీస్తే నీటి మీద జారిపోతుంది. అలా జారకుండా రెండు పక్కలా రెండు పెద్ద చెక్క పలకలు వేలాడుతూ ఉంటాయి. కావాల్సినప్పుడు నీళ్ళలోకి దించుతారు. టేపు వాటికి ఏనుగు చెవులని పేరు పెట్టాడు. వాటిని అతనే చెక్కి ఇచ్చాడు.

నేను కిటికీ పక్కన కూర్చుని తెరచాప కుట్టేదాన్ని. ఆ పడవలవాళ్ళు తెరచాపలు పాడవకుండా చెట్టు బెరడు రసంలో ముంచేవారని పుస్తకంలో ఉంది. నేను కాచు నీళ్ళలో గుడ్డ నానబెట్టాను. ముందు మరీ ఎర్రనైంది, తర్వాత మరీ నల్లనైంది. రంగు కుదరలేదని నేను కంగారుపడుతుంటే, ఈ ఇంట్లో కంగారుపడాల్సినవి అయిపోయి తెరచాప దాకా వచ్చావా అంది చెల్లి.

పడవ పొట్ట పూర్తయి పైపలకలు పరిచే వేళకి వానలు జోరందుకున్నాయి. తెరచాప కొయ్య నిలబెట్టాలి. చెల్లి రంధ్రం తొలిచి, జిగురు కలుపుతోంది. నేను పుస్తకం ఆమె ముందు పెట్టాను.

ఈ పడవల్లో కొయ్యని బిగించెయ్యరు. వెనక్కి వాల్చేలా పెడతారు. దారిలో వంతెన వస్తే కొయ్యని వాల్చి, కింద నుంచి దాటాక మళ్ళీ నిలబెడతారు. కొయ్య పాదానికి పెద్ద బరువు కట్టి ఉంటుంది కాబట్టి, అంత పొడుగు కొయ్యని పడవవాడి భార్య కూడా తాడు పట్టుకుని ఒక్కతే దించగలదు. ఇదంతా ఆమెకి చదివి వినిపించాను.

"తెలుసక్కా. అలా చెయ్యాలంటే పైపలక ఊడదీయాలి. మళ్ళీ పది పదిహేను రోజులు."

"ఉన్నది ఉన్నట్టు చెయ్యమన్నారు కదా."

"ఎవరు దించి చూస్తారు? గాజు పెట్టెలో పెడతారు. గాజు పెట్టెలోకి వంతెన ఎక్కడినుంచి వస్తుంది?"

"వస్తే?"

చెల్లి జిగురు గిన్నె కింద పెట్టింది. నా వైపు తిరిగింది. "మొన్న చుక్కాని పిడి పొడుగు తప్పన్నావు. అంతకుముందు మూత తలుపుల బందులు తప్పన్నావు. నిజంగా తప్పులే, కాదనను. కానీ వానలు అయిపోతే పడవ తీసుకోరని నీకు తెలుసు. అందుకేనా ఇదంతా?"

నేను పుస్తకం మూశాను. "పుస్తకంలో ఉన్నదే చెప్పానే" అన్నాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజం కూడా కాదని ఇద్దరికీ తెలుసు. సాయంత్రం ఆమె జిగురు పారబోసి గిన్నె కడిగేసింది.

మర్నాటి నుంచి ఆమె పైపలక ఊడదీయడం చూశాను. పళ్ళ ఎక్స్‌రే ఫిల్ముల పొట్లాల్లో సన్నటి సీసం రేకులుంటాయి. డాక్టర్ల దగ్గర పారేసేవి తెప్పించి కరిగించింది. పళ్ళ అచ్చులు పోసినట్టే పోసి, సీసపు దిమ్మ ఒకటి చేసి కొయ్య పాదానికి బిగించింది. బరువు కుదరక మళ్ళీ కరిగించింది. ఒక మధ్యాహ్నం నన్ను పైకి పిలిచింది. కొయ్య ముందున్న చిన్న మూత తెరిచి, నా చిటికెన వేలు పట్టుకుని కొయ్య మీద ఆనించి కొంచెం నొక్కింది. అయిదడుగుల కొయ్య నిద్రకి వాలినట్టు వెనక్కి వాలింది. ముందు మూతలోంచి సీసపు దిమ్మ మెల్లగా పైకి లేచింది.

"ఇదిగో, వంతెన ఎప్పుడొచ్చినా నీ ఇష్టం" అంది.

ఆ కొయ్యని నిలబెట్టి ఉంచేది ముందువైపు తాడు. ఆ తాడు నేనే పేనాను. చిన్న కప్పీల్లోంచి తిప్పి, ముడి నేనే వేశాను. చెల్లి చేతులు కొయ్యకీ, పళ్ళ అచ్చులు పోసే సున్నానికీ అలవాటైనవి. దారం పట్టుకుంటే చిక్కు పడుతుంది.

ఆఖరున పడవ వెనక భాగంలో ఇల్లు చేసింది. ఆ పడవల్లో కుటుంబాలు ఉండేవి. భార్యా భర్తా పిల్లలూ అందరికీ కలిపి వెనక ఒక బుల్లి గది. గోడలోనే బీరువాల్లా పడక అరలు, ఒక పొయ్యి, ఒక కిటికీ. పైకప్పు బిగిస్తే లోపల ఏముందో ఎవరికీ కనబడదు. అయినా చెల్లి అన్నీ చేసింది. పడక అరల్లో పరచడానికి నేను పరుపులు కుట్టాను. అగ్గిపెట్టె మీద పడితే సరిపోయేంత పరుపులు.

"వీళ్ళ బతుకే నయం. ఎక్కడికి పోయినా ఇల్లు వెనకే వస్తుంది" అన్నాను.

"ఎక్కడికి పోయినా ఇదే గది. ఇదే పొయ్యి. మొహం మొత్తదా?" అంది చెల్లి. అని, లెన్సు కంటికి ఆనించుకునే అడిగింది. "నాకు ఇరవై ఏళ్ళప్పటి నుంచి అవతలివాళ్ళ నోట్లో పట్టేవే చేశానక్కా. వెళ్ళొద్దా?"

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎక్కడం లేదు. ఆమె లేచి వచ్చి, నా చేతిలోంచి సూది తీసుకుని, దారం ఎక్కించి ఇచ్చి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. వెళ్ళమని అనడానికి నోరు రాలేదు. వద్దనడానికి కూడా రాలేదు.

వానలు సన్నబడుతున్న రోజుల్లో అధికారిణి మళ్ళీ వచ్చింది. మలుపు దగ్గర "తల" అన్న మాట విని చటుక్కున వంగింది. పైకొచ్చి పడవ చుట్టూ తిరిగింది, మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి చూసింది. తెరచాప నిండుగా ఎత్తి ఉంచాం. నేను పైట కొసని రెండు చేతులతో చెరో వైపుకీ లాగుతున్నాను. నచ్చకపోతే బాగుండని ఒక చెయ్యి, నచ్చాలని ఒక చెయ్యి.

చివరికి ఆమె లేచి ఒకే ప్రశ్న అడిగింది. "గాలి ఎటునుంచి వస్తోంది?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. తెరచాప ఎత్తి ఉంది, కానీ ఏనుగు చెవులు రెండూ కిందికి దించేశాం. ఆమె ఓపికగా చెప్పింది. గాలి ఒక పక్క నుంచే కదా వస్తుంది. గాలి పోయే పక్క పలక దించుతారు, గాలి వచ్చే పక్కది ఎత్తేస్తారు. పడవ ప్రయాణంలో ఉందని అలా తెలుస్తుంది. రెండూ ఒక్కలా ఉంటే అది ఎక్కడికీ వెళ్ళని పడవ అంది. అన్ని పేజీలు చదివినదాన్ని, ఆ ముక్క నా కళ్ళకి ఆనలేదు.

"ఎటునుంచక్కా గాలి?" అంది చెల్లి.

నేను కిటికీ వైపు చూశాను. అక్కడినుంచి పడవ ఎడమ వైపుకి చల్లటి గాలి వస్తోంది. "ఎడమ నుంచి" అన్నాను. చెల్లి ఎడమ పలక ఎత్తి కట్టింది. అధికారిణి తల ఊపింది. చెల్లి చెయ్యి పట్టుకుని, పడవతో పాటు మీరూ వచ్చెయ్యండి, బండి నేను పంపుతాను అంది. తాళ్ళ బిగువు ఎంతో బాగా కుదిరిందనీ, తెరచాప ఒక్కటి దించి చుట్టేసి మిగతాదంతా ఇలాగే నిలబెట్టి తీసుకురమ్మనీ నాకు చెప్పింది.

బండి వచ్చిన ఉదయం వాన లేదు. చెల్లి పెట్టె కింద గుమ్మంలో ఉంది. నేను పొద్దుటినుంచీ లోపలి పనులు వెతుక్కుంటూనే ఉన్నాను. డ్రైవరు కింద కొస, టేపు పై కొస పట్టుకుని పడవని పీట మీద మోసుకొస్తున్నారు. చెల్లి ముందు నడుస్తూ ఒక్కో మెట్టూ చెప్తోంది. నేను పై గుమ్మంలో నిలబడి ఉన్నాను. మలుపు దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

కొయ్య కొస దూలం కంటే జానెడు ఎత్తుంది.

పీట కిందికి దించి చూశారు. అయినా పట్టలేదు. ఏటవాలుగా వంచుదామంటే పక్క గోడ అడ్డం. గుమ్మాలూ కిటికీలూ కొలిచే టేపు, వెంట్రుకవాసి సందుని గోటితో పట్టే మా చెల్లి, తెరచాప అంచుని దారాలతో లెక్కపెట్టే నేను, ముగ్గురమూ ఆ దూలాన్ని కొలవలేదు. రోజూ దాని కింద వంగి నడుస్తూ కొలవలేదు. ఇంతకుముందు పడవలన్నీ చంకలో పెట్టుకుని దిగినవే మరి.

పడవని మలుపు చదును మీద పెట్టారు. టేపు తల గోక్కున్నాడు. కొయ్య కొస సన్నటి రంపంతో కోసి ఇస్తాను, అక్కడ అతికించుకోండి అన్నాడు. చెల్లి అతని వైపు చూసిన చూపుకి ఆ మాట అక్కడే వదిలేశాడు. అయితే దూలమే తియ్యాలి, పైన బరువుకి ఇంకో ఆనింపు పెట్టాలి, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఒప్పుకోవాలి, ఎంత లేదన్నా నెల అన్నాడు. తనకేం ఇబ్బంది లేదనీ, వచ్చే నెల మళ్ళీ వస్తాననీ డ్రైవరు అన్నాడు.

నెల.

ఆ మాట నా చెవిలో పడింది. చెల్లి తల ఎత్తి నా వైపు చూసింది. ఆమెకి తెలియదా? చేసిందే ఆమె. సీసం పోసిందే ఆమె. కానీ నోరు తెరవలేదు. ఆ ముడి నాది. విప్పమని నన్ను అడగలేదు. గోడకి చేరబడి, చేతులు కట్టుకుని, పడవ వైపు చూస్తూ నిలబడింది. అడిగితే బాగుండేది. అడిగితే కోపం తెచ్చుకునేదాన్ని.

నాకు లోపల పొయ్యి గుర్తొచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదని కూడా గుర్తొచ్చింది.

మెట్లు దిగి పడవ పక్కన కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. కొయ్య ముందు మూత తెరిచాను. ముందు తాడు ముడి దగ్గర గోరు పెట్టాను. అంత గట్టిగా ఎందుకు వేశానో అనుకున్నాను. రెండోసారికి విడింది. తాడు వేలికి ఒక చుట్టు చుట్టుకుని పట్టుకున్నాను. చెల్లి దూలం కింద వంగి ఇవతలికొచ్చి, కొయ్య కొసకి రెండు వేళ్ళు ఆనించింది.

"నెమ్మదిగా వదులు" అంది.

"వదుల్తూనే ఉన్నానే" అన్నాను.

తాడు కప్పీల్లోంచి ఒక్కో వేలెడూ జారింది. కొయ్య వెనక్కి వాలింది. సీసపు దిమ్మ మూతలోంచి పైకొచ్చింది. ఎక్కడా కుదుపు లేదు. కొయ్య పడవ పొడుగునా పడుకున్నాక, మిగిలిన తాడుతో దాన్ని పడవ వెనకున్న బుల్లి ఇంటి కప్పుకి కట్టాను. టేపు, డ్రైవరు పీట ఎత్తారు. పడవ దూలం కింద నుంచి దాటింది. దాని వెనక చెల్లి తల వంచి దాటింది. ఆమె వెనక నేను.

బండిలో పాత దుప్పట్ల మధ్య పడవని పెట్టారు. చెల్లి ముందు సీటు ఎక్కబోయి ఆగింది.

"అక్కడ మళ్ళీ ఎవరు నిలబెట్టాలి దాన్ని?"

"నువ్వే. ముందు మూత తెరువు. తాడు రెండు కప్పీల్లోంచీ లాగు. చిక్కు పడితే లాగకు, ఆగు. ముడి వదులుగా వేసినా ఫర్వాలేదు, బరువు కిందుంది, అది నిలబడుతుంది."

"నువ్వు లోపలికి వెళ్ళవా?" అంది. నేను లోపలికి వెళ్ళేదాకా ఆగుదామని చూస్తోంది.

"ఏం పనుంది లోపల?" అన్నాను.

ఆమె ఎక్కింది. బండి కదిలింది. వెనక తలుపు కిటికీలోంచి పడవ గుండ్రటి వీపు కనబడింది. వీధి చివర టేపు కొట్టు దాటి బండి తిరిగేదాకా గుమ్మంలోనే ఉన్నాను. తిరిగాక వీధి ఎలా ఉంటుందో అన్నేళ్ళలో మొదటిసారి చూశాను. మామూలుగానే ఉంది. ఎవరో సైకిలు మీద వెళ్తున్నారు.

పైగది సర్దుదామని మెట్లెక్కాను. మలుపులో దూలం నుదుటికి ఠంగున తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అక్కడే మెట్టు మీద కూర్చుని రుద్దుకున్నాను. ఆ ఇంట్లో అన్నేళ్ళున్నా అది నాకు ఒక్కసారీ తగల్లేదు.

సాయంత్రం చెల్లి ఫోను చేసింది. కొయ్య నిలబడిందట. తాడు ఒకసారి చిక్కు పడిందట, లాగకుండా ఆగిందట. హాల్లో పడవని ఎటు తిప్పి పెట్టాలా అని చూస్తున్నారట. గాలి ఎడమ నుంచి అని గుర్తుంచుకోమన్నాను.

ఫోను పెట్టేసి, బల్ల మీద పడి ఉన్న కాచురంగు గుడ్డముక్కలు ఏరుతున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బల్ల పట్టుకెళ్తానని పొద్దున టేపు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. అడుగులు మలుపు దగ్గరికి వస్తున్నాయి.

"తల" అన్నాను, ఒక మెట్టు ముందుగా.